చైన్ మొద్దుబారిందా? ముందు రాలే పొట్టు చూడండి

సుబాబుల్, జామాయిల్ కోతలు జోరుగా సాగుతున్నట్టున్నాయి, ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా చైన్‌సా గురించే. అందులోనూ ఇంజన్ గురించి అడిగినవాళ్లు తక్కువ, చైన్ కొయ్యడం లేదని అడిగినవాళ్లే ఎక్కువ. అందుకని ఈసారి మొత్తం పదును గురించే రాస్తున్నాను. కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి, ఓపిగ్గా చదవండి, చేత్తో చేసే పనిని మాటల్లో చెప్పాలంటే కాస్త చోటు పడుతుంది.

ప్రశ్న: 58 సీసీ మిషన్‌తో సుబాబుల్ కోత పనులు చేస్తాం అన్నా. కొత్త చైన్ వేసి నాలుగు రోజులు కాలేదు, అప్పుడే గట్టిగా నొక్కితే గానీ కొయ్యడం లేదు, కోతలోంచి పొగ వస్తోంది. షాపులో అడిగితే చైన్ అయిపోయింది, కొత్తది వేసుకో అన్నారు. నాలుగు రోజులకే అయిపోతుందా?
— ఒక కోత మేస్త్రి, నందిగామ

అయిపోలేదు తమ్ముడూ, మొద్దుబారింది, అంతే. ఈ రెండూ ఒకటి కాదు. ఈ తేడా తెలియకే మనవాళ్లు సగం కూడా అరగని చైన్లను పాత ఇనుముకి వేసేస్తున్నారు. చైన్ విప్పి వెలుతురులో పెట్టి చూడు, చాలా కంపెనీల చైన్లలో ప్రతి పన్ను మీదా వెనక వైపు ఏటవాలుగా ఒక సన్నని గీత కనిపిస్తుంది. పదును పెట్టిన ప్రతిసారీ పన్ను కొంచెం కొంచెం వెనక్కి అరుగుతుంది, అలా అరిగి అరిగి ఆ గీత దాకా వచ్చిన రోజు చైన్ తీసి పక్కన పెట్టాలి. నీది నాలుగు రోజుల చైన్ కాబట్టి గీతకి ఆమడ దూరంలో ఉంటుంది.

మొద్దుబారిందో లేదో తెలుసుకోవడానికి మిషన్ ఆపక్కర్లేదు, కింద రాలేది చూస్తే చాలు. పదునుగా ఉన్న చైన్ పేళ్లు విసురుతుంది, చేతిలోకి తీసుకుంటే చిన్న చిన్న చెక్క తునకలు విడివిడిగా తెలుస్తాయి. మొద్దుబారిన చైన్ కింద పిండి రాలుతుంది, మరలో పట్టించినట్టు మెత్తగా. రెండో గుర్తు నీ చేతుల్లోనే ఉంది. పదునున్నప్పుడు మిషన్ తన బరువుతో తానే చెట్టులోకి దిగుతుంది, నువ్వు పట్టుకుంటే చాలు. నొక్కాల్సి వచ్చిందంటే ఆపెయ్. పొగ వచ్చేదాకా ఆగావంటే అప్పటికే చైన్‌తో పాటు, అది తిరిగే పొడుగాటి పట్టీ, అంటే బార్ కూడా వేడెక్కి అరిగిపోతోందని అర్థం.

ఇక నాలుగు రోజుల్లోనే ఎందుకు పోయిందంటే, సుబాబుల్ మనం నేలకు ఆనించి కోస్తాం కదా, తూకం పోకూడదని. మొదలు దగ్గర బెరడు మీద వానకి చిందిన మట్టి ఎండి అంటుకుని ఉంటుంది. ఆ మట్టిలోని ఇసుక రేణువులు చైన్ ఉక్కుని కూడా అరగదీస్తాయి. ఇక చైన్ కొస ఒక్క క్షణం నేలకు తగిలినా రోజంతా కోసినదానికన్నా ఎక్కువ నష్టం. కోసే చోట కత్తితో నాలుగు పక్కలా బెరడు గీకి, ఆ తర్వాత మిషన్ పెట్టు. ఒక్కో చెట్టుకి అర నిమిషం పడుతుంది, పోతే పోనీ. పెట్రోలు పోసినప్పుడల్లా పళ్లకి రెండేసి సార్లు ఆకురాయి పట్టే అలవాటు చేసుకో, ఆ నాలుగు రోజుల చైన్ నెలల తరబడి వస్తుంది.

ప్రశ్న: చైన్‌కి రౌండ్ ఫైల్ కావాలని వెళ్తే షాపులో నాలుగు సైజులు చూపించారు. ఏది తీసుకోవాలో తెలియక మధ్యది తెచ్చాను. సైజు తప్పైతే ఏమవుతుంది?
— ఒక పాఠకుడు, సత్తుపల్లి

మధ్యది అనేది లేదండీ, మీ చైన్‌కి సరిపోయేది ఒక్కటే ఉంటుంది. అది చైన్ పిచ్ మీద ఆధారపడి ఉంటుంది. పిచ్ కొలవడం సులువే, వరసగా మూడు రివెట్లు తీసుకుని మొదటి దాని మధ్య నుంచి మూడో దాని మధ్య దాకా కొలిచి, వచ్చినదాన్ని సగం చేయండి. 8.25 ఎం.ఎం. దగ్గర వస్తే .325 చైన్, 9.5 దగ్గర వస్తే 3/8 చైన్, ఈ పేర్లు అంగుళాల్లో ఉంటాయి. బార్ మీద కూడా ముద్రించి ఉంటుంది, మసి తుడిస్తే కనిపిస్తుంది.

.325 చైన్‌కి 4.8 ఎం.ఎం. ఆకురాయి. మన దగ్గర ఎక్కువగా తిరిగే 58 సీసీ మిషన్లలో చాలావాటికి ఇదే పిచ్. చిన్న మిషన్లు, కరెంటు మిషన్లు, బ్యాటరీ మిషన్లలో ఎక్కువగా ఉండే సన్న రకం 3/8 చైన్‌కి, అంటే లో ప్రొఫైల్ అని రాసి ఉన్నదానికి, 4 ఎం.ఎం. పెద్ద మిషన్ల మామూలు 3/8కి 5.2 గానీ 5.5 గానీ, అది కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి చైన్ పెట్టె మీద చూసి తీసుకోండి. 3/8 అన్న ఒక్క మాట విని ఆకురాయి ఇచ్చేవాళ్లున్నారు, సన్న రకమా మామూలుదా అని అడిగి మరీ కొనండి.

సైజు తప్పైతే జరిగేది ఇది. లావు ఆకురాయి పన్ను గుంతలోకి సరిగా దిగదు, పైపైన తిరుగుతుంది, అంచు గూనిగా తయారై చెక్కని గీకుతుందే తప్ప కొయ్యదు. మరీ సన్నదైతే గుంత లోతుకి దిగి అంచుని కొక్కెంలా చేస్తుంది, మొదటి పది నిమిషాలు బ్రహ్మాండంగా కోస్తుంది, అంచు పలచన కాబట్టి వెంటనే విరిగి మళ్లీ మొదటికే వస్తుంది.

ప్రశ్న: రంపాలకి మూడు పలకల ఆకురాయి పడతారు, చైన్‌కి మాత్రం గుండ్రటిది ఎందుకు? ఐటీఐలో మా సార్ చెప్పారు గానీ సరిగా అర్థం కాలేదు.
— ఒక ఐటీఐ విద్యార్థి, రాజమహేంద్రవరం

మంచి ప్రశ్న, పని నేర్చుకునేవాళ్లు అడగాల్సింది ఇదే. మొదట్లో చైన్‌సా పళ్లు కూడా చేతి రంపం పళ్లలాగే నిటారుగా ఉండేవి, గంటల తరబడి పదును పెట్టాల్సి వచ్చేది. 1946లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే ఆయన, అడవి కోతల్లో పనిచేసిన మనిషి, కట్టెలు కొడుతూ ఒక మోడులో చెక్కని తొలిచే పురుగు పిల్లని చూశాడు. మన మామిడి కాండంలో దూరే తొలుచు పురుగు పిల్లలాంటిదే అనుకో. చూపుడు వేలంత పురుగు, అడ్డంగానూ నిలువుగానూ ఎటు కావాలంటే అటు చెక్కని నమిలేస్తోంది. దాని దవడలు చంద్రవంకలా లోపలికి వంగి ఉన్నాయి, కుడి నుంచి ఎడమకి, ఎడమ నుంచి కుడికి చెక్కని చెక్కుతూ పోతున్నాయి. ఆయన ఆ దవడనే ఉక్కులో చేసి చైన్‌కి పెట్టాడు, మరుసటి ఏడాది కంపెనీ మొదలైంది. ఈ రోజు నీ చేతిలో ఉండే చైన్‌కి మూలం అదే.

కుడి పన్ను ఒకటి, ఎడమ పన్ను ఒకటి మార్చి మార్చి ఎందుకుంటాయో ఇప్పుడు తెలిసింది కదా. ఆ వంపు లోపలి నుంచి పదును పెట్టాలంటే గుండ్రటిదే కావాలి. పన్ను మూల ముందుగా నారని అడ్డంగా తెంపుతుంది, పై రేకు వెనకాలే వచ్చి ఉలిలా పేడుని లేపుతుంది. పన్ను ముందు చిన్న బొడిపె ఉంటుంది, దాన్ని డెప్త్ గేజ్ అంటారు, పన్ను ఎంత లోతుకి కరవాలో అది నిర్ణయిస్తుంది. ఈ మూడూ గుర్తుంటే మిగతాదంతా చెయ్యి అలవాటే.

ప్రశ్న: చేత్తో పదును పెట్టే పద్ధతి మొదటి నుంచి చివరిదాకా చెప్పండి సార్. నేను పెడితే ప్రతిసారీ ముందుకన్నా మొద్దుగా తయారవుతోంది.
— ఒక మామిడి రైతు, నూజివీడు

ముందుకన్నా మొద్దుగా అవుతోందంటే నాకు మూడు అనుమానాలు, ఆకురాయిని ముందుకీ వెనక్కీ రెండు వైపులా రుద్దుతున్నారు, లేదా ఒక్కో పన్నుకి ఒక్కో కోణం వస్తోంది, లేదా బార్ కదులుతోంది. చివరిదాన్ని ముందు సరిచేద్దాం.

ఇంజన్ ఆపి, చల్లారాక, ప్లగ్ క్యాప్ ఊడదీసి పెట్టండి. చేతులకి తోలు గ్లవ్స్ వేసుకోండి. బార్‌ని కదలకుండా బిగించాలి, వైస్ ఉంటే వైస్‌లో, తోటలో ఉంటే ఒక దుంగకి మిషన్‌తోనే అరచేయంత లోతు గాడి కోసుకుని అందులో బార్‌ని నిలబెట్టండి. తొడ మీద పెట్టుకుని పదును పెట్టేవాళ్లని చూస్తుంటాను, దయచేసి వద్దు. చైన్‌ని మామూలుకన్నా కొంచెం బిగువు చేస్తే పళ్లు అటూ ఇటూ ఊగవు, పని అయ్యాక మళ్లీ వదులు చేయడం మర్చిపోవద్దు. డీజిల్‌లో ముంచిన బ్రష్‌తో పొట్టు, నూనె జిడ్డు తుడిచేసి, గుడ్డతో పొడిగా చేయండి, జిడ్డు మీద ఆకురాయి జారుతుంది.

ఇప్పుడు పళ్లన్నీ చూసి అన్నిటికన్నా పొట్టిగా, దెబ్బతిన్న పన్ను ఏదో కనిపెట్టండి. దాని మీద స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టండి. ముందు దాన్ని పదును పెట్టాలి, మిగతావన్నీ దాని పొడుగుకి రావాలి. ఒక పన్ను పొడుగు, ఒకటి పొట్టి ఉంటే పొడుగువే కోస్తాయి, పొట్టివి ఊరికే తిరుగుతాయి.

ఆకురాయిని పన్ను లోపలి వైపు నుంచి బయటికి తోయాలి. పై నుంచి చూసినప్పుడు బార్‌కి నేరుగా అడ్డంగా కాకుండా 30 డిగ్రీలు ఏటవాలుగా ఉండాలి, చాలా చైన్లకి ఇదే కోణం, పన్ను పై రేకు మీద ఆ కోణంలో ఒక గీత కూడా ఉంటుంది, ఆకురాయిని ఆ గీతకి సమాంతరంగా పట్టుకుంటే సరిపోతుంది. ఎత్తు విషయంలో, ఆకురాయి మందంలో సుమారు ఐదో వంతు పన్ను పై రేకు కంటే పైకి కనిపించాలి, మిగతాది గుంతలో ఉండాలి. నేలకి సమాంతరంగా పట్టుకోండి, కొస కిందికి గానీ పైకి గానీ వాలనివ్వద్దు. ఈ కోణం, ఎత్తు చేతికి అలవాటయ్యేదాకా ఆకురాయికి తగిలించే గైడ్ రేకు దొరుకుతుంది, కొనుక్కోండి, దాని మీద 30 డిగ్రీల గీతలు ఉంటాయి.

తోసేటప్పుడే ఒత్తిడి. వెనక్కి తెచ్చేటప్పుడు పన్నుకి తగలకుండా ఎత్తి తేవాలి. ఆకురాయి ముందుకి మాత్రమే కోస్తుంది, వెనక్కి లాగితే దాని పళ్లే పోతాయి, మీరు పదును పెట్టిన అంచు కూడా మడత పడుతుంది. ఒక పన్నుకి రెండు మూడు తోపులు, పొడుగ్గా, నింపాదిగా, ఆకురాయి పొడుగంతా వాడుతూ. పళ్ల పొడుగు సమానమయ్యాక ప్రతి పన్నుకీ అన్నే తోపులు, ఇది ముఖ్యం, లెక్క తప్పకండి. ఒక వైపు పళ్లన్నీ అయ్యాక మిషన్‌ని అటు తిప్పి రెండో వైపు మొదలుపెట్టండి. డ్రైవ్ లింకులు, అంటే బార్ గాడిలోకి దిగే కింది ముక్కలు, 72 ఉన్న చైన్‌కి మామూలుగా పళ్లు 36, ఒక్కో వైపు 18. చెయ్యి తిరిగితే మొత్తం పదిహేను నిమిషాల పని.

అయిందో లేదో ఎలా తెలుస్తుంది? పన్ను అంచుని ఎండకి పెట్టి చూడండి. అంచు మీద సన్నని తెల్లటి మెరుపు గీత కనిపిస్తే అక్కడ ఇంకా మొద్దు ఉన్నట్టే. పదునైన అంచు మీద వెలుగు నిలవదు, ఏమీ కనిపించదు. పన్ను పైన మెరిసే పూత క్రోమ్, చాలా గట్టిది, అసలు పదును నిలబెట్టేది అదే. రాయికి తగిలి మూలలో ఆ పూత లేచిపోయి ఉంటే, లేచిన చోటు దాటి మంచి పూత వచ్చేదాకా వెనక్కి పదును పెట్టాలి. రెండు తోపులతో సరిపెట్టేసి పదునైపోయిందనుకుంటే సాయంత్రానికి మళ్లీ పిండే రాలుతుంది.

ఇంకొకటి, పిడి లేని ఆకురాయిని వాడకండి. జారితే తోక అరచేతిలోకి దిగుతుంది.

ప్రశ్న: మా ఊళ్లో వెల్డింగ్ షాపులో చైన్ ఇస్తే గ్రైండర్ మీద ఐదు నిమిషాల్లో పదును పెట్టి ఇస్తారు. ఆ రోజుకి బాగా కోస్తుంది, మర్నాటికి పోతుంది. పళ్ల చివర నీలం రంగు వచ్చింది. ఆకురాయి పట్టబోతే జారిపోతోంది. గ్రైండర్ మంచిదా, ఆకురాయి మంచిదా?
— ఒక పాఠకుడు, అశ్వారావుపేట

ఆ నీలం రంగు చూసి నాకు నిజంగా బాధేసింది, అది చైన్ కాలిపోయిన గుర్తు. ఉక్కు సుమారు 300 డిగ్రీలకి వెళ్తే ఆ రంగు వస్తుంది. కమ్మరి కొడవలిని కొలిమిలో కాల్చి నీళ్లలో ముంచి గట్టిదనం తెస్తాడు కదా, ఆ కొడవలిని మళ్లీ పొయ్యిలో పడేస్తే ఏమవుతుంది? మెత్తబడిపోతుంది. పన్ను అంచు పలచగా ఉంటుంది, గ్రైండర్ రాయి రెండు సెకన్లు ఎక్కువ ఆగితే చాలు, అక్కడ అదే జరుగుతుంది. ఇంకా ఎక్కువ వేడెక్కి వెంటనే చల్లారితే కొన్నిచోట్ల పెళుసుగా, గాజులా గట్టిపడుతుంది, మీ ఆకురాయి జారడానికి అదే కారణం. ఆ నీలం భాగం పోయేదాకా వెనక్కి అరగదీయాలి, అంటే నెల రోజుల చైన్ ఐదు నిమిషాల్లో పోయింది.

అలాగని గ్రైండర్ తప్పు కాదు. చైన్ మేకుకి తగిలి పళ్ల మూలలు ఎగిరిపోయినప్పుడు, పళ్లు ఒక్కోటి ఒక్కో పొడుగైపోయినప్పుడు, చేత్తో అరగదీస్తూ కూర్చుంటే రోజంతా పడుతుంది, అప్పుడు గ్రైండర్ కావాలి. నేనైతే ఇలా చెప్తాను, రోజూ ఆకురాయి, చైన్ బాగా దెబ్బతిన్నప్పుడు మాత్రం గ్రైండర్.

అది కూడా చైన్ కోసం చేసిన గ్రైండర్ అయి ఉండాలి. చైన్‌ని బిగించే గాడి, కోణం తిప్పుకునే గుర్తులు, ఎంత లోతుకి దిగాలో ఆపే స్క్రూ ఉంటాయి దానికి. .325కీ, సన్న రకం 3/8కీ 3.2 ఎం.ఎం. మందం రాయి, పెద్ద 3/8కి 4.7 మందం రాయి. రాయి అంచు గుండ్రంగా ఉండాలి, పలకగా అరిగిపోతే డ్రెస్సింగ్ రాయితో మళ్లీ గుండ్రం చేయాలి, రాయి ముఖం నున్నగా మెరుస్తోందంటే కొయ్యడం మానేసి వేడి మాత్రమే పుట్టిస్తోందని అర్థం. రాయిని పన్ను మీద ఆపి నొక్కకూడదు, తాకించి తీసెయ్యాలి, మళ్లీ తాకించి తీసెయ్యాలి, ఒక్కో తాకుడికి వెంట్రుకంత. ఎక్కువ తీయాల్సి వస్తే ఒకే పన్ను మీద కూర్చోకుండా చైన్ చుట్టూ రెండు మూడు విడతలు తిరగండి, ఈలోపు పళ్లు చల్లారతాయి. కళ్లద్దాలు లేకుండా ఆ రాయి ముందు నిలబడొద్దు. కొత్త రాయి బిగించే ముందు వేలాడదీసి స్క్రూడ్రైవర్ పిడితో తట్టి వినండి, ఖంగుమనాలి, చచ్చు చప్పుడొస్తే పగులుంది, పారేయండి.

గ్రైండింగ్ అయ్యాక చైన్‌ని కిరోసిన్‌లో గానీ డీజిల్‌లో గానీ కడిగి, ఆరాక చైన్ ఆయిల్‌లో కాసేపు నానబెట్టండి. రాయి పొడి లింకుల్లో ఉండిపోతే బార్ గాడిని అదే తినేస్తుంది. ఇక వెల్డింగ్ షాపుల్లో చేతి గ్రైండర్‌కి కటింగ్ డిస్క్ వేసి పళ్లు గీకేస్తుంటారే, దానికి నేను పూర్తిగా వ్యతిరేకం. ఆ డిస్క్‌తో పన్నుకి గుండ్రటి వంపు రాదు, చెయ్యి ఒక్కసారి తొణికితే పక్కనున్న లింకుకి గాటు పడుతుంది, ఆ గాటు దగ్గరే చైన్ తెగి మనిషి మీదికి వస్తుంది.

ప్రశ్న: చైన్ పదునుగానే ఉంది, అయినా కోత నేరుగా దిగకుండా ఎడమకి వంకర తిరుగుతోంది. చివరికి బార్ ఇరుక్కుపోతోంది.
— ఒక పాఠకుడు, కావలి

ఎడమకి తిరుగుతోందంటే ఎడమ పళ్లు పొడుగ్గానో ఎక్కువ పదునుగానో ఉన్నాయి, కోత అటు లాక్కుపోతుంది. కుడిచేతి వాటం ఉన్నవాళ్లకి ఒక వైపు పళ్లు తేలిగ్గా వస్తాయి, రెండో వైపు చెయ్యి తిరగక బలం తగ్గుతుంది, అందరికీ జరిగేదే. స్కేలు పెట్టి రెండు వైపుల పళ్లూ కొలిచి, పొడుగు వైపుకి ఒకటి రెండు తోపులు ఎక్కువ ఇచ్చి సమానం చేయండి. సమానం చేశాక కూడా వంకర పోకపోతే తప్పు బార్‌ది. బార్‌ని చదునైన బల్ల మీద నిలబెట్టి చూడండి, పక్కకి ఒరిగితే గాడికి రెండు పక్కలా ఉండే అంచుల్లో ఒకటి అరిగినట్టు. చదును ఆకురాయితో సమానం చేయవచ్చు. పదును పెట్టిన ప్రతిసారీ బార్‌ని తలకిందులు చేసి బిగిస్తే ఈ బాధ త్వరగా రాదు.

ప్రశ్న: పళ్లు గోటికి పట్టుకునేంత పదునుగా ఉన్నాయి, కానీ పేళ్లు రావడం లేదు. పళ్ల ముందు బొడిపెలు గ్రైండర్‌తో కొట్టేస్తే బాగా కోస్తుందని తెలిసినాయన చెప్పి చేసిచ్చాడు. ఇప్పుడు మిషన్ ఎగిరి ఎగిరి పడుతోంది, చేతులు నొప్పులు.
— ఒక పాఠకుడు, పార్వతీపురం

ముందు ఆ చైన్ వాడటం ఆపండి. ఇవాళే.

ఆయన చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. పన్ను పై రేకు వెనక్కి పోయే కొద్దీ కిందికి వాలి ఉంటుంది, అంటే పదును పెట్టి వెనక్కి అరగదీసినప్పుడల్లా పన్ను ఎత్తు కొంచెం తగ్గుతుంది, బొడిపె మాత్రం అంతే ఉంటుంది. కొన్నాళ్లకి బొడిపె, పన్ను దాదాపు ఒకే ఎత్తుకి వస్తాయి, అప్పుడు ఎంత పదునున్నా పన్ను చెక్కని అందుకోలేదు. మీకు మొదట జరిగింది అదే. కాబట్టి బొడిపెని తగ్గించాలి, నిజమే, కానీ ఎంత? చాలా చైన్లకి పన్ను అంచు కంటే బొడిపె 0.65 ఎం.ఎం. కిందికి ఉంటే చాలు. ఏటీఎం కార్డు మందం 0.76, అంటే అంతకన్నా తక్కువే. కంటి అంచనాతో గ్రైండర్ పెట్టి కొట్టేసే లెక్క కాదిది.

బొడిపె మరీ దిగిపోతే పన్ను ఒక్కసారిగా లోతుకి కరుస్తుంది, ఇంజన్ లాగలేక మిషన్ కుదుపుతుంది. అసలు ప్రమాదం బార్ ముక్కు పై భాగం దేనికైనా తగిలినప్పుడు, మిషన్ రెప్పపాటులో పైకి లేచి మొహం మీదికి వస్తుంది, కిక్‌బ్యాక్ అంటారు. బొడిపెలు కొట్టేసిన చైన్‌తో అది ఇంకా గట్టిగా వస్తుంది.

గేజ్ రేకు అని చిన్న ఉక్కు పట్టీ దొరుకుతుంది, చైన్ మీద పెడితే దాని గాడిలోంచి బొడిపె ఎంత పైకి పొడుచుకొస్తే అంత చదును ఆకురాయితో తీసేయాలి, రేకుకి ఆకురాయి తగలగానే ఆపేయాలి. తర్వాత బొడిపె ముందు మూలని మళ్లీ గుండ్రంగా చేయాలి, అది పలకగా ఉండకూడదు. నాలుగైదు సార్లు పదును పెట్టాక ఒకసారి ఇది చూసుకుంటే చాలు. మీ చైన్ విషయానికి వస్తే, ఎంత కొట్టేశారో రేకు పెట్టి చూడండి. కొంచెమే అయితే పళ్లని వెనక్కి పదును పెడుతూ పోతే ఎత్తులు మళ్లీ సమానానికి వస్తాయి, ఎక్కువైతే మాత్రం ఆ చైన్‌ని ముక్కలు చేసి పారేయండి, ఇంకొకరికి ఇవ్వొద్దు.

ప్రశ్న: 2018లో తిత్లీ తుపానుకి మా కొబ్బరి తోట పడిపోయినప్పుడు మిషన్ కొన్నాం. ఏ చెట్టైనా కోస్తుంది గానీ కొబ్బరి మొద్దు మాత్రం రెండు మూడు కోసేసరికి చైన్ మొద్దుబారిపోతుంది. కొబ్బరి మెత్తటి చెట్టే కదా?
— ఒక కొబ్బరి రైతు, కవిటి

ఆ అక్టోబరు ఉద్దానం మర్చిపోలేం అన్నగారూ. ముప్పై ఏళ్ల చెట్లు ఒక్క రాత్రిలో వరసగా పడున్నాయి.

కొబ్బరి లోపల మెత్తన, బయట కాదు. మామూలు చెట్టుకి మధ్యలో చేవ ఉంటుంది, కొబ్బరికీ తాటికీ గట్టిదనమంతా బయటి చుట్టులో ఉంటుంది. పైగా ఆ నారలో ఇసుకలో ఉండే పదార్థమే, సిలికా, సన్నగా కలిసి ఉంటుంది, పన్నుకి అది గరుకు కాగితంతో సమానం. దానికి తోడు మీది ఇసుక నేల, పడిన మొద్దు మీద ఇసుక పట్టి ఉంటుంది. కోసే చోట చీపురుతో ఊడ్చి కుదిరితే నీళ్లు పోసి కడగండి. మొద్దుని మూడొంతులు కోసి దొర్లించి మిగతాది పైనుంచి కోయండి, చైన్ నేలకి తగలకుండా. చైన్ కొనేటప్పుడు పన్ను మూల పలకగా ఉన్న రకం వద్దు, మూల కొంచెం గుండ్రంగా ఉండే సెమీ చిజెల్ రకం అడగండి, కోత వేగం కొద్దిగా తగ్గుతుంది కానీ మురికిలో పదును ఎక్కువసేపు నిలుస్తుంది. ఎన్ని చేసినా కొబ్బరికి మాటిమాటికీ ఆకురాయి పట్టాల్సిందే. మూడు చైన్లు పదును పెట్టి తీసుకెళ్లి, తోటలో మార్చుకుంటూ పోయి, సాయంత్రం ఇంటి దగ్గర మూడూ కలిపి పదును పెట్టుకోవడం నయం.

ప్రశ్న: హ్యూస్టన్‌లో ఉంటాం. పెరట్లో విరిగిన కొమ్మలు కోయడానికి బ్యాటరీ చైన్‌సా కొన్నాను. దీనికీ ఇదే పద్ధతా?
— ఒక పాఠకుడు, టెక్సస్

ఇదే. పదును పెట్టే ముందు బ్యాటరీ తీసి దూరంగా పెట్టండి, ఇంజన్ శబ్దం లేదు కదా అని చాలామంది మర్చిపోతారు. బ్యాటరీ మిషన్‌కి బలం తక్కువ కాబట్టి మొద్దు చైన్ అయితే ఛార్జింగ్ సగంలోనే అయిపోతుంది. పళ్లు కూడా చిన్నవి, ఒక్కోదానికి రెండు తోపులు దాటొద్దు.

ప్రశ్న: చైన్ ఆయిల్ ఖరీదు ఎక్కువని వాడేసిన ఇంజన్ ఆయిల్ వడకట్టి పోస్తున్నాం. పదునుకీ ఆయిల్‌కీ సంబంధం ఉందా?
— ఒక పాఠకుడు, మార్కాపురం

ఉంది. వాడేసిన ఆయిల్‌లో ఇంజన్ అరుగుదల పొడి ఉంటుంది, గుడ్డతో వడకడితే పోదు. అది బార్ గాడినీ లింకులనీ అరగదీస్తుంది, చైన్ సాగుతుంది, సాగిన చైన్ ఊగుతుంది, ఊగే పన్ను నేరుగా కొయ్యదు. ఆ ఆయిల్ తుంపర్లు చర్మానికీ మంచివి కావు. చైన్ ఆయిల్ దొరకని రోజు కొత్త ఇంజన్ ఆయిల్ పోయండి, ఫర్వాలేదు. ఆయిల్ వస్తోందో లేదో చూడాలంటే బార్ ముక్కుని తెల్లటి అట్ట ముక్క వైపు, తగలకుండా పెట్టి యాక్సిలరేటర్ ఇవ్వండి, అట్ట మీద సన్నటి ఆయిల్ గీత పడాలి. చైన్ బిగువు చేత్తో లాగితే తిరిగేలా, బార్ కింద వేలాడకుండా ఉండాలి. వేడి మీద బిగించి ఉంటే పని అయ్యాక వదులు చేయండి, చల్లారి కుంచించుకున్న చైన్ ఇంజన్ క్రాంక్ షాఫ్ట్ మీద భారం వేస్తుంది.

ప్రశ్న: మా ఆయన చెట్లు కోసే పనికి వెళ్తారు. సాయంత్రం అలసిపోయి వస్తారు, చైన్ పదును పెట్టే ఓపిక ఉండదు, మర్నాడు అదే మొద్దు చైన్‌తో నొక్కి కోస్తారు. భుజాలు నొప్పులంటున్నారు, నాకు భయంగా ఉంది. నేను పదును పెట్టడం నేర్చుకోవచ్చా? ఆడవాళ్లు చేయగలిగే పనేనా?
— ఒక సోదరి, జంగారెడ్డిగూడెం

నేర్చుకో చెల్లెమ్మా, తప్పకుండా నేర్చుకో. ఇందులో బలంతో పనే లేదు, నిజానికి బలంగా నొక్కేవాళ్లే దీన్ని పాడు చేస్తారు. లెక్క తప్పకుండా ఒకే తీరుగా చెయ్యి ఆడించడమే ఇందులో ఉన్న పనితనం.

నీ భయం సరైనదే. నాతో పనిచేసిన ఒకాయన మొద్దు చైన్ మీద ఒళ్లంతా వేసి నొక్కుతున్నప్పుడు కోత ఒక్కసారిగా పూర్తయి మిషన్ కిందికి జారింది, మోకాలి పైన తగిలింది. బతికి బయటపడ్డాడు, కానీ ఆ కాలు మళ్లీ మునుపటిలా వంగలేదు. అప్పటి నుంచి నేను ఎవరి చైన్ పిండి రాలుస్తున్నా పని ఆపించేస్తున్నాను.

ఇలా మొదలుపెట్టు. మీ ఆయన పక్కన పడేసిన పాత చైన్ ఒకటి ఉంటుంది, దాన్ని బార్ మీద వేయించుకో. వంటింటి గట్టు దగ్గర కాదు, ఆరుబయట, పగటి వెలుతురులో, ఒక దుంగ గాడిలో నిలబెట్టి. మొదటి రోజు ఆరు పళ్లు చాలు. స్కెచ్ పెన్నుతో పన్ను అంచు లోపలంతా నల్లగా పూసి రెండు తోపులు తోయి, నలుపు అంతటా సమానంగా పోయిందో చూడు. పైన మాత్రమే పోతే ఆకురాయి ఎత్తుగా పట్టినట్టు, కింద మాత్రమే పోతే దించి పట్టినట్టు. నలుపు మొత్తం ఒకేసారి పోయేదాకా ఆ ఆరు పళ్ల మీదే ఉండు, తర్వాత రోజు మరో ఆరు. పాత చైన్ చుట్టూ ఒక రౌండు పూర్తయ్యాక, పనికి తీసుకెళ్లే చైన్ మీద చెయ్యి వెయ్యి. మర్నాడు ఆయన్ని చొక్కా జేబులో గుప్పెడు పొట్టు వేసుకుని రమ్మను, చూసి నాకు రాయి.